శాఖాపరమైన నిద్ర

ఉద్యోగ విరమణ దగ్గరపడినవాడు శాలువా గురించీ పూలదండ గురించీ ఆలోచించుకుంటాడు. స్టోర్‌కీపరుకి ఆ భాగ్యం లేదు. స్టోరు గదిలో ఉన్న ప్రతి వస్తువునూ ఎవరో ఒకరికి అప్పగించి, సంతకం తీసుకుంటే తప్ప అతన్ని ఇంటికి పంపరు. నాకు అప్పగించడానికి మనిషి లేడు. నా పోస్టు నాతోనే రద్దవుతుందని నాలుగేళ్ల కిందటే ఉత్తర్వు వచ్చింది. అంచేత స్టోరు ఖాళీ చెయ్యడం ఒక్కటే దారి. బల్లలూ, బీరువాలూ, పని చెయ్యని గడియారాలూ పక్క సెక్షన్ల మీదకి తోసేశాను. చివరికి నూట ఇరవై ఉయ్యాలలు మిగిలాయి.

ఇవి పిల్లల ఉయ్యాలలు కావు. అడవిలో రెండు చెట్ల మధ్య కట్టుకుని పడుకునే గుడ్డ ఉయ్యాలలు. ఒక్కో సంచిలో పల్చటి నైలాన్ గుడ్డ, చెట్లకి చుట్టే రెండు పటకాలు, రెండు కొక్కేలు, దోమతెర, వాన పడితే పైన కట్టుకునే షీటు ఉంటాయి. మాది ప్రకృతి విశ్రాంతి శాఖ. ఆరేళ్ల కిందట మా ప్రధాన కార్యాలయం నుంచి ఒక పెద్దాయన అధ్యయన యాత్రకి ఏదో చలిదేశం వెళ్లి, అక్కడ కొండ మీద జనం ఇలా వేలాడుతూ పడుకోవడం చూసి ముచ్చటపడ్డాడు. ఆయన విమానం దిగిన నెలకే ప్రతి ప్రాంతీయ కార్యాలయానికీ నూట ఇరవై సెట్లు దిగాయి. ఫైళ్లలో వీటి పేరు వృక్షద్వయాధారిత శయన పరికరము. మేము మాత్రం ఉయ్యాలలనే అంటాం.

వీటిని మా ఆఫీసున్న కొత్తగుమ్మ కొండకి వచ్చే యాత్రికులకు ఇవ్వాలన్నది పథకం. అయితే మార్గదర్శకాల్లో మూడో అంశం ప్రకారం వీటిని శాఖకు చెందిన చెట్లకే కట్టాలి. మా శాఖకు చెట్లు లేవు. కొత్తగుమ్మ కొండ మీద ప్రతి చెట్టూ అడవి వాళ్లదో, కాఫీ వాళ్లదో, రోడ్ల వాళ్లదో. మా ఆఫీసు ఆవరణలో ఉన్న సిల్వర్ ఓక్ చెట్లు రెండూ కూడా కాఫీ వాళ్లవే. కాబట్టి ఉయ్యాలలు సంచుల్లోంచి బయటికి రాలేదు. నేను ఏటా మార్చి నెలాఖరున వాటిని లెక్కపెట్టి, నూట ఇరవై అని రాసి, సంతకం పెట్టేవాణ్ణి.

మా ఆవిడ నూకరత్నం బొబ్బిలిలో ఉంటుంది. ఆవిడకి కొండచలి పడదు. పదకొండేళ్లుగా ఆవిడ కింద, నేను పైన. ఈ పదకొండేళ్లూ నా వంట నేనే తిన్నాను. ఇందులో ఉన్న కష్టం నా వంట రుచి చూసినవాళ్లకే తెలుస్తుంది. అక్టోబరు ముప్పై ఒకటిన రిటైరై, నవంబరు ఒకటో తారీకు మధ్యాహ్నం ఇంట్లో పీట వేసుకుని కూర్చుంటానని ఆవిడకి మాటిచ్చాను. ఆ భోజనం తప్ప నాకు ఈ లోకంలో వేరే కోరికేమీ లేదని ఒట్టేసి చెప్పగలను.

జూలైలో, వాన కురుస్తున్న ఒక పొద్దున, పాంగి సుభద్ర గొడుగు దులుపుకుంటూ స్టోరులోకి వచ్చింది. బస్టాండు పక్కన ఆమెకో రేకుల కొట్టుంది. 'వాడిన ఉయ్యాలలు, గుడారాలు కొనబడును, అమ్మబడును' అని బోర్డు. విశాఖపట్నం నుంచీ హైదరాబాదు నుంచీ కుర్రకారు కొత్త సామాను భుజాన వేసుకుని కొండెక్కుతారు. ఒక్క రాత్రి వేలాడి, తెల్లారేసరికి నడుం పట్టేసి, దిగేముందు సుభద్ర కొట్లో అమ్ముకుని పోతారు. వాటినే ఆమె తర్వాత వచ్చేవాళ్లకి అమ్ముతుంది.

"మీకాడ నూట ఇరవై ఉన్నాయంట గదండీ. నాకిచ్చీండి, పట్టికెళ్లిపోతాను. చలికాలం వచ్చీసరికి జనం దిగీస్తారు" అంది.

ఆనందం పట్టలేక ఒక సంచీ విప్పి చూపించాను. గుడ్డని కిటికీ వెలుతురుకి అడ్డంపెట్టి, ఏమైనా చిల్లులున్నాయేమోనని అంగుళం అంగుళం చూసింది. కుట్టు పొడుగునా బొటనవేలి గోరు నడిపింది. తర్వాత వాసన చూసింది.

"ఇవి కొత్తవండి. ఎవులూ ఎక్కలేదు."

"కొత్తవైతే ఇంకా మంచిదే కదమ్మా."

"మంచిదేటండి. కొత్తదానికి గేరంటీ ఏటుంది? ఒకడు పడుకుని, పడిపోకుండా లేచొచ్చినాడంటే అదీ గేరంటీ. అందుకే అమ్మినోడ్ని నా కళ్లముందు ఒక్కపాలి ఎక్కమంటాను. ఎక్కడానికి ఎనకాడితే కొనను. సర్లెండి, మీ సరుకు బాగుంది. మీ పెద్దసారుని అడిగీండి."

మా ప్రాంతీయాధికారి ధనుంజయరావు గారు చెడ్డవాడు కాదు. ఆయన నోటంట మాట రావాలంటే అది ముందు ఫైల్లో ఉండాలి, అంతే. నేను చెప్పిందంతా విని కళ్లజోడు సవరించుకున్నారు.

"సన్నిబాబూ, విషయమును కూలంకషముగా పరిశీలించవలసియున్నది. మన శాఖ వర్తక సంస్థ కాదు. వాడని వస్తువును విక్రయించుట వర్తకమగును. వాడిన వస్తువును విక్రయించుట పారిశుద్ధ్యమగును. మనకు రెండవదానికి మాత్రమే అధికారము కలదు."

"వీటిని ఎవరూ వాడలేదండీ."

"అదియే ఆటంకము."

గుమ్మం దగ్గర నిలబడ్డ సుభద్ర లోపలికి తొంగిచూసింది. "మీరంతా తలో ఉయ్యాలా ఎక్కి దిగీండి సార్. వాడినట్టే గదా."

ధనుంజయరావు గారు ఆమెను చాలా జాలిగా చూశారు. "అమ్మా, వాడుట అనగా ఏమో శాఖలో నిర్వచనము లేదు. నిర్వచనము లేని చర్యకు పూనుకొని ఎవరైనను ఎక్కినచో, దిగుటకు బాధ్యులెవరు?"

ప్రధాన కార్యాలయానికి లేఖ వెళ్లింది. నాలుగు వారాల తర్వాత, ఆగస్టు పదిహేను దాటాక, నాలుగు పేజీల నిర్వచనం వచ్చింది. ఒక ప్రభుత్వోద్యోగి, కార్యాలయ వేళల్లో, రెండు కాళ్లూ నేలకు తగలకుండా, పరికరంలో రెండు గంటలు నిద్రించినచో అది ఒక వాడకం. ఒక్కో పరికరానికి పన్నెండు వాడకాలు పూర్తయితే దాన్ని వాడినదిగా పరిగణించవచ్చు. మెలకువగా పడుకోవడం లెక్కలోకి రాదు, అది పరీక్షించడం మాత్రమే. ఇంటికి పట్టుకెళ్లి రాత్రిళ్లు పడుకోవడం కూడా కుదరదు. ఎందుకంటే రాత్రి ఉద్యోగి సొంతం. సొంత సమయంలో ప్రభుత్వ ఆస్తిని వాడితే దుర్వినియోగం కిందకి వస్తుంది. నిద్ర నిజమైనదేనని స్టోర్‌కీపరు ప్రతి వాడకానికీ ధ్రువీకరణ స్లిప్పు రాయాలి.

నేను లెక్క వేశాను. నన్ను మినహాయిస్తే ఆఫీసులో తొమ్మిదిమంది. రోజుకి ఆరు గంటలు, అంటే మనిషికి మూడు వాడకాలు. అలా యాభై నాలుగు పనిదినాలు నిద్రపోతే పని పూర్తవుతుంది. ఆదివారాలూ దసరా సెలవులూ తీసేస్తే నా రిటైర్మెంటుకి సరిగ్గా యాభై ఆరు పనిదినాలు ఉన్నాయి. దేవుడున్నాడనుకున్నాను.

చెట్లు మనవి కాకపోయినా వరండా స్తంభాలు మనవే. పది స్తంభాల మధ్య తొమ్మిది ఉయ్యాలలు కట్టాం. ధనుంజయరావు గారు కొబ్బరికాయ కొట్టి, బూట్లు విప్పి, మొదటి ఉయ్యాలలోకి ఎక్కబోయి అవతలి పక్కకి జారారు. రెండోసారి ఇద్దరు పట్టుకుంటే కుదురుకున్నారు. "శాఖ శయనము ప్రారంభించవలసినదిగా ఆదేశించడమైనది" అని కళ్లు మూసుకున్నారు.

కాపలాదారు ఎర్రయ్య ఒక్క నిమిషంలో నిద్రపోయాడు. ఆ నిద్ర చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. ఒంటిగంటకి భోజనానికి లేపితే లేచి, నాతో పాటు ప్రాంతీయాధికారి గదిలోకి వచ్చాడు.

"బాబూ, రెండేళ్ల కిందట నేను డ్యూటీలో నిద్రపోనానని ఇంక్రిమెంటు ఆపీసారు గదా. ఇప్పుడు నిద్రపోకపోతే ఆపీస్తామంటన్నారు. అదీ నిద్రే, ఇదీ నిద్రే గదండీ."

"కాదు ఎర్రయ్యా" అన్నారు ధనుంజయరావు గారు ఓపిగ్గా. "అది వ్యక్తిగత నిద్ర. ఇది శాఖాపరమైన నిద్ర. రెంటికిని సంబంధము లేదు."

"కలలు కూడా శాఖవేనా బాబూ?"

"ఆ విషయమై స్పష్టీకరణ కోరుదము."

సెప్టెంబరులో ఎర్రయ్యకి అత్యుత్తమ వాడకం కింద ప్రశంసాపత్రం ఇచ్చారు. నిద్రపోయినందుకు ఇంక్రిమెంటు ఆపిన ఉత్తర్వు ఉన్న ఫైల్లోనే దాన్ని కూడా కట్టాను. ఒకే మనిషికి రెండు ఫైళ్లు ఉండకూడదు కదా.

ఎటొచ్చీ కష్టమంతా సీనియర్ అసిస్టెంటు తవిటినాయుడికి వచ్చిపడింది. అతనికి పగలు నిద్ర పట్టదు. ముప్పై ఏళ్లుగా ఆఫీసులో నిజంగా పని చేసిన మనిషి. ఉయ్యాలలో పడుకుని పైకప్పు వాసాలు లెక్కపెట్టేవాడు. మొదటి వారం అతని వాడకాలన్నీ నేను కొట్టేశాను. దాంతో మెమో వచ్చింది. కార్యాలయ వేళల్లో మెలకువగా ఉండుటకు గల కారణములను మూడు రోజులలోగా తెలుపవలెను, లేనిచో క్రమశిక్షణ చర్య. మెమోకి ఏం జవాబు రాయాలా అన్న ఆలోచనతో నిద్ర పట్టలేదని తవిటినాయుడు జవాబు రాశాడు. అది నేరాంగీకారమని తేల్చి రెండో మెమో ఇచ్చారు.

తర్వాత అతను నటించడం మొదలుపెట్టాడు. గురక కూడా పెట్టేవాడు, కానీ అది కొంచెం శ్రద్ధగా వచ్చేది. ఒకరోజు అతని ఉయ్యాల పక్కన నిలబడి స్లిప్పు రాస్తూ, "ఇవాళ పద్దెనిమిది కదూ" అని నాలో నేనే అనుకున్నాను. "పంతొమ్మిది" అన్నాడు తవిటినాయుడు, కళ్లు మూసుకునే. ఆ వాడకం కూడా కొట్టేశాను. అతను నా వైపు తిరిగి, "బాబాయ్, నువ్వు రిటైరైపోతావు. నాకింకా ఏడేళ్లుంది. ఏటి సెయ్యమంటావు చెప్పు" అన్నాడు. అతని కళ్ల కింద నల్లటి గుంటలు పడ్డాయి. నాకు జాలేసింది. కానీ బొబ్బిలి భోజనం తలుచుకుని గుండె రాయి చేసుకున్నాను. చివరికి, కాపలాదారుకి పొద్దున్న ఆరు నుంచి రాత్రి ఏడు దాకా కార్యాలయ వేళలేనని తేల్చి, అతని వంతు వాడకాలు ఎర్రయ్యకి బదిలీ చేస్తూ ఉత్తర్వు వచ్చాక గానీ ఆ సమస్య తీరలేదు. ఆ రోజు నుంచి ఎర్రయ్య మధ్యాహ్న భోజనం కూడా ఉయ్యాలలోనే చేసి, వెంటనే రెండోవైపు తిరిగి పడుకునేవాడు.

జనం వస్తూనే ఉండేవారు. 'సిబ్బంది వాడకంలో ఉన్నారు. దయచేసి గొంతు తగ్గించి మాట్లాడండి' అని గేటుకి బోర్డు పెట్టాం. ఒక హెడ్మాస్టారు పిల్లల్ని జలపాతం చూపించడానికి అనుమతి కావాలని వచ్చి, వరండా చివర కుర్చీలో మూడు గంటలు కూర్చుని, ఆ చల్లగాలికి తానూ కునుకు తీశాడు. ప్రభుత్వ పాఠశాల హెడ్మాస్టారు కాబట్టి ఆయన నిద్రని కూడా లెక్కలో వేసుకోవచ్చా అని అడిగాను. ఉద్యోగే గానీ కుర్చీలో ఉన్నాడని ధనుంజయరావు గారు తిరస్కరించారు.

ఇక స్లిప్పుల సంగతి. ఇది నా చేతి పని కాబట్టి దాచకుండా చెబుతాను. స్లిప్పులు విడిగా ఉంచితే గాలికి ఎగిరిపోతాయి. ముప్పై నాలుగేళ్ల సర్వీసులో నా దగ్గర ఒక్క కాగితం పోలేదు. ఏ ఉయ్యాల స్లిప్పు ఆ ఉయ్యాల మీదే ఉంటే ఆడిట్ వాళ్లకి సుళువని నాకు తోచింది. స్టాప్లర్ తెచ్చి, ప్రతి వాడకం తర్వాతా స్లిప్పుని ఉయ్యాల గుడ్డకి రెండు పిన్నులతో కొట్టేవాణ్ణి. వరసగా, ఒకదాని కింద ఒకటి, గీత గీసినట్టు ఉండేవి. ధనుంజయరావు గారు చూసి, "ఇది ఇతర ప్రాంతములకు ఆదర్శము" అన్నారు. నేను గర్వపడ్డాను.

వారం వారం వాడకం నివేదిక ప్రధాన కార్యాలయానికి వెళ్లేది. సమీక్షా సమావేశాల్లో మా ప్రాంతమే ముందుండేది. పొరుగు ప్రాంతం వాళ్లకి నిద్ర పట్టడం లేదని, మా ఎర్రయ్యని శిక్షణకి పంపమని అడిగారు కూడా. అతను మాకే చాలడం లేదని మేము పంపలేదు.

అక్టోబరు ఇరవై తొమ్మిదిన చివరి వాడకం పూర్తయింది. సుభద్రకి కబురు పెట్టాను. ఆ పొద్దున నూకరత్నానికి ఫోను చేసి, "ఎల్లుండి రిలీవైపోతన్నాను" అన్నాను.

"మీ మాట నమ్మి బియ్యం నానబెట్టీమంటారా?" అంది.

"నానబెట్టీ."

సుభద్ర వచ్చి మొదటి ఉయ్యాల తీసి వెలుతురుకి అడ్డంపెట్టింది. ఆ గుడ్డలోంచి నాకు కూడా అవతల ఉన్న కొండ కనిపించింది.

"ఇదేటి బాబూ?"

"స్లిప్పులమ్మా. అన్నీ వరసగా ఉన్నాయి, చూసుకో."

"పిన్నులు కొట్టీసారా?" ఆమె గొంతులో కోపం కంటే దిగులే ఎక్కువ ఉంది. "మనిషి బరువంతా ఈ గుడ్డే మొయ్యాలి. సూదంత చిల్లు పడితే అక్కడినుంచి చిరిగీద్ది. దీని మీద ఎవుడైనా పడుకుని రాళ్ల మీద పడితే వాడి నడుం ఎవులిస్తారు? ఇది నా కొట్లో పెట్టలేను."

అప్పుడే ధనుంజయరావు గారు వచ్చారు. సంగతి విని నవ్వారు. "శాఖ వారు తొమ్మిది వారములు వాడిన పరికరములివి. ఒక్కరైనను పడలేదు."

"అయితే సార్, నా కొట్టు పద్ధతి ప్రకారం అమ్మినోళ్లు ఒక్కపాలి ఎక్కాలి. మీరెక్కండి."

ఆయన మర్యాద గలవాడు, వెనకాడలేదు. తొమ్మిది వారాల అభ్యాసం ఉంది కాబట్టి ఈసారి ఎవరూ పట్టుకోకుండానే ఎక్కారు. కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నారు, చేతులు పొట్ట మీద పెట్టుకున్నారు. పిన్నుల గీత పొడుగునా గుడ్డ నెమ్మదిగా, ఏ తొందరా లేకుండా, రెండుగా విడిపోయింది. ఆయన నేల మీద పడుకుని ఉన్నారు.

"సన్నిబాబూ" అన్నారు అక్కడినుంచే. "ఇది పూర్తిగా వాడబడినది. వినియోగమునకు పనికిరానిదిగా నమోదు చేసి, విక్రయించుటకు అనుమతించడమైనది."

ఆయన పడితే పడ్డారు గానీ నాకు కళ్లనీళ్లు తిరిగాయి. సుభద్ర ఆలోచించి, గుడ్డలు తనకొద్దంది. పటకాలు, కొక్కేలు, దోమతెరలు, వాన షీట్లకి నేను పిన్నులు కొట్టలేదు కాబట్టి అవి తీసుకుంటానంది. గుడ్డలు సంచీలు కుట్టే ఆవిడకి ఇప్పిస్తానంది. సాయంత్రానికి స్టోరు ఖాళీ. పరికరాలన్నీ పూర్తిగా అరిగిపోయాయని ధనుంజయరావు గారు అప్పుడే ప్రధాన కార్యాలయానికి ఫోనులో నివేదించారు. ఊడ్చి, తాళం వేసి, రిజిస్టర్లో నిల్వ దగ్గర సున్నా రాశాను. అంత అందమైన సున్నా నేను ఎప్పుడూ రాయలేదు.

ముప్పై ఒకటిన మూడు గంటలకి సభ. దండ వేశారు. ధనుంజయరావు గారు నడుం పట్టుకుని నిలబడి, నా సేవలను గూర్చి నాలుగు పేజీలు చదివారు. మూడో పేజీలో ఉండగా గేటు దగ్గర లారీ హారన్ వినిపించింది. డ్రైవరు కాగితం పట్టుకుని వరండాలోకి వచ్చి, స్టోర్‌కీపరు ఎవరని అడిగాడు. చీకటి పడకుండా ఘాట్ దిగాలి, త్వరగా సంతకం పెట్టమన్నాడు.

చెబితే నమ్మరు. ముప్పై నాలుగేళ్లలో సరుకు వచ్చినప్పుడు నేను డ్రైవర్ని నిలబెట్టలేదు. జేబులోంచి పెన్ను దానంతటదే వచ్చింది. మెడలో దండ అడ్డొస్తే పక్కకి జరిపి సంతకం పెట్టాను. పెట్టాక చదివాను. వృక్షద్వయాధారిత శయన పరికరములు, ఆరు వందలు.

వెంట ఉత్తర్వు కూడా ఉంది. ధనుంజయరావు గారు నాలుగో పేజీ పక్కన పెట్టి దాన్ని చదివారు. "కొత్తగుమ్మ ప్రాంతమున పరికరముల వాడకము నూటికి నూరు శాతము నమోదైనందున, అవి పూర్తిగా అరిగిపోవునంతగా ఆదరణ లభించినందున, మరి ఆరు వందల పరికరములు మంజూరు చేయడమైనది. వీటిని కూడ పూర్వోక్త నిర్వచనము మేరకు వాడవలెను. స్టోరులో నిల్వ ఉన్నంతవరకు స్టోర్‌కీపరు పోస్టును రద్దు చేయుట సాధ్యము కాదు. కావున ప్రస్తుత స్టోర్‌కీపరు కొనసాగవలెను." చదివి, నన్ను కౌగిలించుకుని అభినందించారు. ఎర్రయ్య చప్పట్లు కొట్టాడు. తవిటినాయుడు గోడకి చేరబడి కూలబడ్డాడు.

నూకరత్నానికి ఫోను చేశాను.

"ఏటండీ, బస్సెక్కీసారా?"

"లేదు. ఇంకో ఆరొందలు వచ్చీసాయి."

"సంతకం ఎవులు పెట్టారు?"

నేనేనని ఒప్పుకున్నాను. "మీరు కొండ దిగరు. నేనే ఎక్కీస్తాను" అంది. చలి పడని మనిషి ఆ మాట అంది. నాకు సిగ్గేసింది, సంతోషం కూడా వేసింది.

ఆరు వందల ఉయ్యాలలకి తొమ్మిదిమంది చాలరని శాఖ కూడా గ్రహించింది. పన్నెండుమంది పొరుగు సేవల శయన సహాయకుల్ని తీసుకోమని ఉత్తర్వు వచ్చింది. అర్హత ఏడో తరగతి, మధ్యాహ్నం నిద్ర అలవాటు ఉన్నట్టు గెజిటెడ్ అధికారి ధ్రువపత్రం. నూకరత్నం ముప్పై ఏళ్లుగా భోజనం చేసి, గిన్నెలు కడిగి, చాప వేసుకుని పడుకునే మనిషి. శాలువా కప్పుకుని ఇంటర్వ్యూకి వచ్చింది. ప్రాక్టికల్స్‌లో నాలుగు నిమిషాల్లో నిద్రపోయి మొదటి ర్యాంకు తెచ్చుకుంది. లేపినా లేవకపోతే బోర్డు సభ్యులు గౌరవంగా లేచి నిలబడ్డారు.

ఆ పది రోజులు నా జీవితంలో మంచి రోజులు. పొద్దున్నే ఆవిడ వండేది. కందా బచ్చలి కూర వండిన రోజు, మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఏడ్చాను. "కారం ఎక్కువైందా?" అంది. కాదన్నాను. పగలు ఆవిడ ఏడో ఉయ్యాలలో పడుకునేది. నేను పక్కన నిలబడి స్లిప్పు రాసేవాణ్ణి. ఈసారి స్లిప్పులు సంచికి దారంతో కట్టాను. ఆ ముఖంలో ఒక్క చింత కూడా ఉండేది కాదు. ఈ శాఖ ఇన్నాళ్లకి నాకో మేలు చేసిందనుకున్నాను.

పదకొండో రోజున ఆడిటర్ డెబోరా గారు వచ్చారు. రిజిస్టరు తిరగేసి, ఒక పేజీ దగ్గర వేలు పెట్టారు.

"ఈ ఉద్యోగినీ, ధ్రువీకరించే అధికారీ ఒకే ఇంటిపేరు వారు. బంధుత్వం ఏమిటి?"

"మా ఆవిడండీ."

"భార్య నిద్రను భర్త ధ్రువీకరించడం పరస్పర విరుద్ధ ప్రయోజనాల కిందకి వస్తుంది. ఇది తీవ్రమైన అభ్యంతరం."

"నిజంగానే నిద్రపోయిందండీ. ఆవిడకి నటించడం రాదు."

"మీకు తెలుసు. రికార్డుకి తెలియదు కదా."

నూకరత్నం వాడకాలు ముప్పై కొట్టేశారు. ఇద్దరిలో ఒకర్ని మార్చాలన్నారు. నేను వెళ్తానన్నాను. నిల్వ ఉన్నంతవరకు నేను కదలడానికి వీల్లేదు కాబట్టి ఆవిడనే బదిలీ చేశారు. ఖాళీ ఎక్కడుందని వెతికితే ఒక్క బొబ్బిలి ఉపకార్యాలయంలోనే ఉంది. అది మా ఇంటికి రెండు వీధుల అవతల. ధనుంజయరావు గారు మాకు గొప్ప ఉపకారం చేసినట్టు ఆ ఉత్తర్వు స్వయంగా తెచ్చి ఇచ్చారు. "స్వగృహ సమీపమున నియామకము. అందరికీ లభించదు" అన్నారు. అక్కడ ఉయ్యాలలు లేవు కాబట్టి ఇక్కణ్ణుంచి ఒకటి పట్టుకెళ్లి అక్కడ విధులు నిర్వర్తించాలి.

మర్నాడు పొద్దున బస్టాండుకి వెళ్లాం. సుభద్ర తన కొట్లో ఎవరో కుర్రాణ్ణి ఉయ్యాల ఎక్కించి, దిగమంటూ ఉంది. నన్ను చూసి పలకరించబోయి, మా ఆవిడ చేతిలో శాఖ సంచీ చూసి మళ్లీ కుర్రాడి వైపు తిరిగింది. నూకరత్నం బస్సులో కిటికీ పక్కన కూర్చుని సంచీ ఒళ్లో పెట్టుకుంది.

"మరెప్పుడొస్తారు?"

"ఆరొందలూ అయిపోవాలి గదా. అటూ ఇటూగా అయిదు నెలలు."

"అప్పటికి ఇంకో లారీ రాదని ఏటి?"

ఆవిడ కిటికీలోంచి చెయ్యి బయటికి పెట్టి నా మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"నాకో మాటివ్వండి. ఇంక ఏటొచ్చినా, ఎవులు తెచ్చినా, సంతకం పెట్టకండి."

"పెట్టను" అన్నాను. ఆ క్షణాన నిజంగానే అన్నాను. బస్సు మలుపు తిరిగేదాకా నిలబడి, కళ్లు తుడుచుకుని, నడిచి ఆఫీసుకి వచ్చాను. వరండాలో అందరూ వాడకంలో ఉన్నారు. చప్పుడు చెయ్యకుండా స్టోరు తలుపు తీసి, రిజిస్టర్లో జారీ కింద ఒకటి అనీ, నిల్వ అయిదు వందల తొంభై తొమ్మిది అనీ రాసి, కింద సంతకం పెట్టాను.